అవ్వ నా చేతికి ఆముదం రాసిన పొద్దు

మొన్న ఆత్మకూరు బజారులో గాజులు వేయించుకున్నాను. మేనకోడలి సీమంతానికి పోవాలి, చేతులు బోసిగా ఉంటే బాగుండదని. దుకాణంలో కూర్చున్న ఆమె నా చెయ్యి తన ఒడిలోకి లాక్కుంది. బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీదికి చేర్చి, మొగ్గలాగా చేసి నొక్కింది.

"ఈ వయసులో గూడా నీది చిన్నపిల్ల చెయ్యేనమ్మా. టూ టూ సైజే పడతాది" అంది నవ్వుతూ.

ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది. నాకు వినబడలేదు. నా చేతిని అచ్చం అట్లాగే మడిచిన ఇంకొక చెయ్యి గుర్తుకొచ్చింది. వేళ్ళ కణుపులు వాచి, గోళ్ళు పగిలి, గొర్రె వాసన కొట్టే చెయ్యి. మా అవ్వది.

అప్పుడు నాకు పదేళ్ళు. ఐదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన వేసవి. అమ్మ కాన్పుకని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వింజమూరులో పుట్టింటికి పోయింది. నాయన బస్సు డ్రైవరు. పొద్దున పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని నన్ను తీసుకుపోయి ఉదయగిరి కొండ కింద పల్లెలో ఉన్న అవ్వ దగ్గర వదిలేశాడు. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. తమ్ముడు అమ్మ దగ్గర, నేను గొర్రెల దగ్గరా అని రెండు రోజులు సంగటి ముట్టకుండా అలిగాను. అవ్వ నన్ను బతిమాలలేదు. "ఆకలైతే అదే తింటాది" అని ముద్ద మీద గిన్నె బోర్లించి తన పనికి పోయింది. మూడో రోజు పొద్దున్నే నేనే గిన్నె ఎత్తాను.

అవ్వ ఇంటికి ఒక వాసన ఉండేది. దొడ్డిలో పెంటికలు, దోమలకని కాల్చిన వేపాకు పొగ, ఉట్టి మీద పులిసిన మజ్జిగ, అన్నీ కలిసిన వాసన. మొదట్లో పరికిణీ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగాను. వారం తిరిగేసరికి ఆ వాసన పోయింది. పోలేదని, నాకే పట్టిందని తర్వాత తెలిసింది.

పొద్దున రాగి సంగటి, వేయించిన చెనిక్కాయల పచ్చడి. మధ్యాహ్నానికి మజ్జిగలో పిసికిన సంగటి టిఫిను క్యారియరులో. ఆ క్యారియరు తలమీద పెట్టుకుని జీవాల వెంట కొండ వాలుకు పోయేవాళ్ళం. మా వైపు గొర్రెల్ని, మేకల్ని జీవాలనే అంటారు. అవ్వకు అన్నీ కలిపి ఇరవై ఆరు.

ఆ ఇరవై ఆరూ నాకు బడి అయినాయి. ఎండ మండేటప్పుడు గొర్రెలు ఒకదాని పొట్ట నీడలో ఇంకొకటి తల పెట్టుకుని గుండ్రంగా నిలబడడం చూశాను. గాలి ఎటు నుంచి వస్తుందో వాటి ముఖాలు చూసి చెప్పడం నేర్చుకున్నాను. నీళ్ళగుంట దగ్గర ఎంత దాహమేసినా అవ్వ ముందు తాగేది కాదు, నన్నూ తాగనిచ్చేది కాదు. "నోరుండే దానివి, అడుక్కోనైనా తాగతావు. అవి అడగలేవు గదా" అనేది. అవ్వ చూడకుండా ఒకసారి పొట్టేలు ఎక్కి సవారీ చేయబోయాను. అది నన్ను తీసుకుపోయి నాగజెముడు పొదలో పడేసింది. ముళ్ళు ఏరుతూ అవ్వ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

సాయంత్రాలు ఇంటి ముందు అరుగు మీద సాయిబు తాత వచ్చి కూర్చునేవాడు. కొండ మీద దొరికే చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే మనిషి. మాట్లాడుతున్నంత సేపూ ఆయన చేతిలో కత్తి ఆడుతూనే ఉండేది. కొండ మీది పాత కోటలో ఏనుగులు నీళ్ళు తాగిన గుంట ఎక్కడుందో, ఏ గోడ వెనక గబ్బిలాలుంటాయో చెప్పేవాడు. అవ్వను "అక్కా" అనేవాడు, నన్ను "బేటీ" అని.

అవ్వ కళ్ళకు పొర వచ్చి ఉండింది. పగలు పరవాలేదు. పొద్దు వాలితే మనిషికీ మానుకీ తేడా తెలిసేది కాదు. అందుకని సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి జీవాల్ని లెక్కపెట్టే పని నాకిచ్చింది.

"ఈ నెలంతా నా కండ్లు నువ్వేమే" అంది.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. బడిలో క్లాసు లీడరును చేసినప్పుడు కూడా అంత పొంగలేదు.

మందలో నల్లమూతి గొర్రె ఒకటి ఉండేది. ఒళ్ళంతా తెలుపు, మూతి మాత్రం మసి పూసినట్టు నలుపు. నిండు చూలుతో ఉంది. ఆ రోజు పొద్దున అవ్వ దాని పొట్ట తడిమి నాతో అంది:

"దీన్ని కనిపెట్టుకోనుండు. ఇయ్యాళో రేపో ఈనతాది. ఈనే ముందు గొర్రె ఒంటరిగా పోవాలని చూస్తాది. కంటికి దూరం పోనీబాక."

సరేనని తలూపాను. మధ్యాహ్నం అవ్వ కానుగ చెట్టు కింద నడుం వాల్చింది. నాకు పైన కూలిపోయిన కోటగోడ పక్కన పాలచెట్టు కనబడింది. నిండా పసుప్పచ్చటి పండ్లు. పాలపండు తిన్నవాళ్ళకే తెలుసు దాని రుచి. నోట్లో వేసుకుంటే తేనె, తిన్న తర్వాత దాని పాలకు పెదాలు జిగురు పూసినట్టు అంటుకుపోతాయి. ఐదు నిమిషాలనుకుని ఎక్కాను. కొమ్మ మీద కూర్చుని, ఒడి నింపుకుని, కింద పచ్చగా మెరిసే చెరువును, దారాల్లాగా కనబడే రోడ్లను చూస్తూ లోకాన్నే మరిచిపోయాను. దిగేసరికి నీడలు సాగిపోయాయి. అవ్వ కింద నుంచి కేకలు పెడుతోంది.

ఇంటికొచ్చి దొడ్డి వాకిట్లో నిలబడి లెక్కపెట్టాను. ఇరవై ఐదు. మళ్ళీ పెట్టాను. ఇరవై ఐదే. నల్లమూతిది లేదు.

"ఎన్నుండాయిమే?" అంది అవ్వ మంచం మీద నుంచి.

"ఇరవై ఆరు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ కొంత తెలుసు, కొంత తెలియదు. నిజం చెబితే అప్పటికప్పుడు కొండెక్కాలి, పాలచెట్టు సంగతి బయటపడుతుంది. అదీగాక ఒక్కోసారి తప్పిపోయిన గొర్రె దానంతటది దొడ్డికి వచ్చేస్తుందని విన్నాను. వచ్చేస్తుందిలే అనుకున్నాను. అవ్వ వాకిలికి ముళ్ళకంప లాగి దొడ్డి మూసింది. అన్నం తినేటప్పుడు అంటుకుపోయిన నా పెదాలు తడిమి, "పాలపండ్ల దొంగా" అని నవ్వి నూనె రాసింది. ఆ నవ్వుకు నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

తెల్లవారుతూనే అవ్వ కంప తీసి, ఒక్కొక్క జీవం వీపు తడుముతూ బయటికి వదిలింది. ఆఖరిది దాటిపోయాక కూడా చెయ్యి చాపుకునే ఉంది.

"నల్లమూతిది యాడమే?"

నేను తల వంచుకుని కాలితో పెంటికలు పక్కకు నెట్టాను.

"కంప సందులోంచి దూరి పోయినట్టుండాది" అని తనే అనుకుని, చుట్టూ తిరిగి కంపను చేత్తో వెతికింది. తర్వాత జీవాల్ని మళ్ళీ దొడ్డిలోకి తోలి, నన్ను వెంటబెట్టుకుని వాగు వైపు నడిచింది. తప్పించుకున్న జీవం నీళ్ళ వైపే పోతుందని ఆమె లెక్క. నేను వెనకే నడిచాను. ప్రతి అడుగుకూ చెప్పేద్దామనిపించేది. ప్రతి అడుగుకూ చెప్పడం ఇంకా కష్టమయ్యేది. నిన్న ఒక్క అబద్ధమే. ఇప్పుడు దానికి తోడు ఈ నడకంతా అబద్ధమే.

వాగు దగ్గర సాయిబు తాత ఎదురొచ్చాడు. చెక్క కోసం కొండకు పోతున్నాడు, భుజాన గొడ్డలి.

"ఏందక్కా ఇంత పొద్దున్నే ఈడ?"

"చూలు గొర్రె తప్పిపోయింది తమ్ముడా. రాత్రి దొడ్డిలోనే ఉండింది."

"నిన్న యాడ మేపినారు?"

అవ్వ నా వైపు తిరిగింది. "చెప్పుమే. పైన తిరిగింది నువ్వే గదా."

ఇద్దరు పెద్దవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అది రాత్రి దొడ్డిలో లేదవ్వా. నిన్న ఇరవై ఐదే వచ్చినాయి. నేను పాలచెట్టు ఎక్కినాను."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అవ్వ ఆ పొర కమ్మిన కళ్ళతో నన్ను చూసి, చీర ఎగదోపుకుని ఇంటి వైపు తిరిగింది. ఇంట్లోకి పోయి ఆముదం సీసా, పాత గుడ్డలు, చెంబు నిండా నీళ్ళు తీసుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టింది. వెనకే నేనూ సాయిబు తాతా. మోకాళ్ళ నొప్పితో మెట్టు మెట్టుకూ ఆగే మనిషి ఆ రోజు ఎక్కడా ఆగలేదు.

పాలచెట్టు దాటి ఇంకొంచెం పైన, రెండు పక్కలా గోడలు మిగిలిన ఒక పాడుబడ్డ గదిలో ఉంది నల్లమూతిది. పక్కకు పడి, కాళ్ళు చాపి, పళ్ళు కొరుకుతోంది. దాని వెనక ఒక చిన్న మూతి, ఒక్క గిట్ట బయటికి కనబడుతున్నాయి. ఆ మూతిలోంచి నాలుక వేలాడుతోంది. వాచి, నీలంగా.

సాయిబు తాత చూసి, వెంటనే గోడకు అటువైపు పోయి వీపు తిప్పి కూర్చున్నాడు. "అక్కా, ఏదన్నా కావాలంటే కేకెయ్" అన్నాడు.

అవ్వ కూర్చుని చేతికి ఆముదం పూసుకుని, పిల్లను సరిచేయడానికి లోపలికి పెట్టబోయింది. వాచిన కణుపులు అడ్డం. గొర్రె కాళ్ళు తన్నుకుంది. ఇంకోసారి ప్రయత్నించింది. చెయ్యి వెనక్కి తీసుకుని తన వేళ్ళ వైపు చూసుకుంది. ఆమెను నిస్సహాయంగా నేను చూడడం అదే మొదటిసారి.

"ఇట్టా రామే" అంది. "గాజులు తీసెయ్."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నాకు రాదవ్వా."

"నాకు మాత్రం పుట్టంగానే వచ్చిందా? నా చెయ్యి పోదు. నీది పోతాది."

చెంబునీళ్ళతో నా చెయ్యి కడిగింది. మోచేతి దాకా ఆముదం రాసింది. ఆ జిడ్డుకు గాజులు వాటంతటవే జారాయి. అప్పుడు నా బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ళు మొగ్గలాగా చేర్చి పట్టుకుంది.

"ఇట్టా పెట్టుకోని పోనియ్. అది ముక్కేటప్పుడు ఆగు. ఊరుకున్నప్పుడు పో. తొందరపడబాక."

"నాకేం కనపడదు గదవ్వా."

"ఆడ కండ్లకు పనేం లేదు. నాకు మాత్రం ఏం కనపడతా ఉండాది? చేత్తోనే చూడు. ఏం తగిలితే అది నాకు చెప్పు."

కళ్ళు గట్టిగా మూసుకున్నాను. లోపల వేడి. అంత వేడి ఉంటుందని నేను అనుకోలేదు. గొర్రె ముక్కినప్పుడు నా చేతి ఎముకలు నలిగిపోతాయేమో అన్నంతగా బిగిసింది. అరిచాను. "ఆగు, ఆగు, అదే వదులుతాది" అంది అవ్వ నా వీపు నిమురుతూ. నిజంగానే వదిలింది. ముందుకు పోయాను.

"మెడ తగిలిందవ్వా. కింద ఏదో మడత... గట్టిగా ఉండాది."

"మోకాలు. దాని కాలు ఎనక్కి మడుసుకుపోయింది. ఎనక వేలు పెట్టి కొంకీ మాదిరి లాగు. గిట్టను అరచేతిలో మూసి పట్టుకో, లోపల గీరకూడదు."

ఎంత సేపు పట్టిందో తెలియదు. చెమట కళ్ళలోకి దిగుతోంది. గిట్ట నా అరచేతిలోకి వచ్చిన క్షణం మాత్రం ఈ రోజుకీ తెలుస్తుంది. తడి చింతగింజ పట్టుకున్నట్టు. మెల్లగా ముందుకు తెచ్చాను. అవ్వ రెండు కాళ్ళూ పట్టుకుని, గొర్రె ముక్కినప్పుడల్లా కిందికి లాగింది. పిల్ల జారి నేల మీద పడింది.

అది కదల్లేదు. అవ్వ దాని ముక్కు తుడిచింది, నోట్లో వేలు పెట్టి జిగట తీసింది, వెనక కాళ్ళు పట్టుకుని ఊపింది, గుడ్డతో రుద్దింది, ముక్కులోకి ఊదింది. తర్వాత మెల్లగా నేల మీద పెట్టి చేతులు తీసేసింది.

నాకు ఏడుపు కూడా రాలేదు. అవ్వ గొర్రె పొట్ట మీద చెవి ఆనించింది. చేత్తో కింద నుంచి ఎత్తి చూసింది. ఆమె ముఖం మారింది.

"ఇంకోటి ఉండాదిమే. చెయ్యి పెట్టు."

ఈసారి దారి వదులుగా ఉంది. వేళ్ళకు ముందు రెండు గిట్టలు తగిలాయి, వాటి మీద మెత్తగా ఒక మూతి. ఏమిటో తెలుసుకుందామని వేలితో తడిమాను. వేలు దాని నోట్లోకి జారింది. ఆ నోరు మూసుకుంది. నా వేలిని పట్టి చీకింది.

"అవ్వా!" అని కేక పెట్టాను. "నా వేలు చీకతా ఉండాది! లోపల్నే చీకతా ఉండాదవ్వా!"

గోడకు అటువైపు నుంచి సాయిబు తాత "అల్లా" అనడం వినబడింది.

ఇప్పటికి నేను చాలా చూశాను. సముద్రం చూశాను, గుళ్ళూ గోపురాలూ చూశాను, నా బిడ్డల ముఖాలు మొదటిసారి చూశాను. అయినా లోకం తన తలుపు కొంచెం తెరిచి, నాలాంటి అబద్ధాలకోరు పిల్లను లోపలికి తొంగిచూడనిచ్చింది ఆ ఒక్క క్షణమే అనిపిస్తుంది. ఇంకా పుట్టలేదు, గాలి పీల్చలేదు, వెలుతురు చూడలేదు. అయినా దానికి ఆకలి తెలుసు. పాలు తాగాలని తెలుసు. ఎవరు చెప్పారు దానికి? 'క్షీరదములు పిల్లలను కని పాలిచ్చి పెంచును' అని పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను నేను. రాసినప్పుడు అది నాకు ఒక్క వాక్యం.

రెండో పిల్ల సులువుగా వచ్చింది. పడీ పడగానే తుమ్మింది. నల్లమూతిది తల తిప్పి, బొంగురు గొంతుతో ఏదో మాట్లాడుతున్నట్టు గొణుగుతూ నాకడం మొదలుపెట్టింది. అప్పుడు అవ్వ చచ్చిపోయిన పిల్లను కూడా ఎత్తి దాని మూతి దగ్గర పెట్టింది.

"అదెందుకవ్వా?" అన్నాను.

"దానికి గూడా తెలవాల గదా. దాచిపెడితే బిడ్డ యాడుందో అని కొండంతా ఎతుక్కుంటా తిరగతాది."

గొర్రె చచ్చిన పిల్లను వాసన చూసింది. నాకింది. కాలితో కదిపి చూసింది. మళ్ళీ నాకింది. చాలాసేపటికి దానంతటదే బతికినదాని వైపు తిరిగింది.

సాయిబు తాత గొడ్డలితో గుంట తవ్వాడు. కుక్కలు తియ్యకుండా దాని మీద రాళ్ళు నేనే పేర్చాను. పేరుస్తూ అడిగాను.

"నిన్నే చెప్పుంటే అది బతికుండేదా అవ్వా?"

లేదు బిడ్డా, దాని రాత అంతే అంటుందని ఆశపడ్డాను. పెద్దవాళ్ళు పిల్లలకు అట్లాగే కదా చెబుతారు.

"బతికుండును" అంది అవ్వ.

సాయిబు తాత "చిన్నపిల్లక్కా" అన్నాడు మెల్లగా.

"చిన్నదే. అయినా నిజం అదే గదా తమ్ముడా." అవ్వ నా పక్కన కూర్చుని, కొంగుతో నా చేతికి అంటిన నెత్తురు తుడవడం మొదలుపెట్టింది. "ఇనుమే. అది పోయింది నీవల్ల. ఇది బతికింది నీవల్ల. రెండూ ఈ చేత్తోనే జరిగినాయి. ఒకటి పట్టుకోని ఇంకోటి మరిచిపోబాక. పోయినదాన్నే తలుచుకుంటే దేనికీ పనికిరాకుండా పోతావు. బతికినదాన్నే తలుచుకుంటే మళ్ళీ అబద్ధం చెప్తావు."

అప్పుడు ఏడ్చాను. అవ్వ ఆపలేదు. దిగేటప్పుడు పిల్లను నా చేతికిచ్చింది. సాయిబు తాత ఆ రోజు చెక్క పని మానుకుని నల్లమూతిదాన్ని మెడకు అడ్డంగా మోసుకుని దిగాడు.

ఆ సాయంత్రం నేను దొడ్డి దగ్గరికి పోలేదు. ఇంటి వెనక దాక్కున్నాను. ఇక నన్ను లెక్క పెట్టమనదని అనుకున్నాను.

"ఏమే! యాడ సచ్చినావు? పొద్దుగూకతా ఉండాది, జీవాల్ని ఎవురు లెక్కపెడతారు?"

పోయి నిలబడ్డాను. ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టి, "కొత్త పిల్లతో ఇరవై ఏడవ్వా" అన్నాను. అవ్వ మళ్ళీ అడగలేదు. తడిమి చూడలేదు. కంప లాగేసింది.

నాలుగైదేళ్ళకు అవ్వ చూపు పూర్తిగా పోయింది. జీవాల్ని అమ్మేశారు. తర్వాత అవ్వా పోయింది, సాయిబు తాతా పోయాడు. ఆ దొడ్డి ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో రేకుల షెడ్డు. కొండ వాలున గొర్రెల నడకకు పడ్డ సన్నటి దారులు ఎన్నో ఉండేవి. వాటి మీద కంపచెట్లు మొలిచాయి. అక్కడ ఒక బడి నడిచిందని చెప్పడానికి గుర్తేమీ లేదు.

ఆ వేసవి చివర జరిగిందొకటి చెప్పాలి. చెల్లెలు పుట్టిందని కబురొచ్చి, నాయన నన్ను వింజమూరు తీసుకుపోయాడు. ఇంటి నిండా ఆడవాళ్ళు. వాము, సాంబ్రాణి, పసుపు వాసన. అందరూ చంటిబిడ్డ చుట్టూ చేరి ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని పోట్లాడుకుంటున్నారు. మా పిన్ని నా బుగ్గ గిల్లి, "మీ చెల్లెల్ని ఆసుపత్రిలో కొనుక్కొచ్చినాం, తెలుసా?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అమ్మ లోపలి గదిలో నులకమంచం మీద ఒక్కతే పడుకుని ఉంది. తలకు గుడ్డ కట్టుకుని, పెదాలు తెల్లబడి. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నన్ను వదిలేసి పోయిందని కోపంతో ఏమేమో అడగాలని దాచుకున్నాను. అవేవీ నోటికి రాలేదు.

"శానా నొప్పి పుట్టిందా అమ్మా?" అన్నాను.

నా జుట్టు సరిచేస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారే నీకు?"

"అవ్వ గొర్రె ఈనింది. నేను చూసినా."

బయట ఆడవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. అమ్మ కొంచెం జరిగి, మంచం మీద నాకు చోటిచ్చింది.

"పుట్టింది బిడ్డా" అంది. "మిమ్మల్ని మళ్ళా చూస్తానో చూడనో అనుకున్నా."

ఆమె నాతో అట్లా, ఒక పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడడం అదే మొదలు.

"నేను పుట్టినప్పుడు గూడానా?"

అమ్మ నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వా? నువ్వు రెండు దినాలు రాలేదు గదే."

పదేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాను. ఉప్పు ఎక్కువైందని కంచం నెట్టాను, జడ బిగిసిందని అరిచాను, తమ్ముణ్ణే ముద్దు చేస్తుందని అలిగాను. ఆ రెండు దినాల సంగతి ఒక్కసారి కూడా ఆమె నోటివెంట రాలేదు, నేను అడిగేదాకా. చెంబుతో నీళ్ళు తెచ్చి, తల ఎత్తి పట్టుకుని తాగించాను. ఆమె తాగుతున్నంత సేపూ ఆ గొంతు కదలడం చూస్తూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.